మందుల బండి వెనకాల

అమెరికాలో నర్సులందరూ ఒకటి కాదన్న సంగతి ఈ దేశం వచ్చిన ఇరవయ్యేళ్ళ దాకా నాకు తెలీదు. ఆస్పత్రికి వెళ్తే బి.పి. చూసే ఆవిడా నర్సే, సూది వేసే ఆవిడా నర్సే, ఇంటికి పంపేటప్పుడు కాగితాల మీద సంతకం పెట్టించుకునే ఆవిడా నర్సే అనుకునేవాణ్ణి. మనలో చాలామంది అంతే. హెచ్-1కీ ఎల్-1కీ తేడా ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఇ.బి.-2 లోంచి ఇ.బి.-3 లోకి ఎప్పుడు దిగాలో పేపర్ నాప్‌కిన్ మీద బొమ్మ గీసి మరీ చూపిస్తాం. నర్సు మెడలో వేలాడే బ్యాడ్జి మీద ఆర్.ఎన్. అని ఉందా, ఎల్.పి.ఎన్. అని ఉందా అని మాత్రం ఎవరం చూడం.

ఆర్.ఎన్. అంటే రిజిస్టర్డ్ నర్సు. రెండేళ్ళ డిగ్రీయో నాలుగేళ్ళ డిగ్రీయో చదవాలి. ఎల్.పి.ఎన్. అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు. ఈ చదువు సుమారు ఏడాది. టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఇదే మనిషిని వొకేషనల్ నర్సు అంటారు. ఇద్దరికీ లైసెన్సు పరీక్షలు వేరు. ఆ పరీక్షలు 1994 నుంచీ కంప్యూటర్ మీదే జరుగుతున్నాయి. మీరు సరైన జవాబు చెప్తే తరవాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పు చెప్తే తేలికవుతుంది. ఇప్పుడు 85 ప్రశ్నలకే ముగిసిపోవచ్చు, 150 దాకా సాగనూ వచ్చు. కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి మొదట విన్నప్పుడు నర్సుల మీదకన్నా ఆ ఆల్గారిథం మీదే నాకు ఎక్కువ గౌరవం కలిగింది. ఆ సంగతి అలా ఉంచండి.

తేడా అంతా పరీక్ష అయ్యాక ఉంది. ఎల్.పి.ఎన్. ఒక ఆర్.ఎన్. కిందో, డాక్టరు కిందో పనిచెయ్యాలి. మందులివ్వచ్చు, కట్లు కట్టచ్చు, బి.పి., నాడి, జ్వరం చూసి రాయచ్చు. రాష్ట్రాన్ని బట్టి నియమాలు కొంచెం మారతాయి గానీ మూలసూత్రం ఒకటే. ఎల్.పి.ఎన్. చూసింది రాస్తుంది. చూసినదాన్ని బట్టి ఇది ఫలానా, ఇప్పుడు ఇది చెయ్యాలి అని తేల్చేది ఆర్.ఎన్. మొదటిదానికి పేరు సమాచారం సేకరించడం, రెండోదానికి పేరు అసెస్‌మెంట్. కాగితం మీద ఈ గీత చాలా స్పష్టంగా ఉంటుంది. రాత్రి రెండింటికి ఎలా ఉంటుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

* * *

ఇది నాకు నేర్పింది జైలు. నేను జైలుకి వెళ్ళొచ్చానంటే మా ఊరి తెలుగు సంఘంలో సగంమంది నవ్వుతారు, మిగతా సగం పక్కకి పిలిచి "లాయరుని పెట్టుకున్నావా?" అని అడుగుతారు. నేను వెళ్ళింది ప్రాజెక్టు మీద. 2023లో ఒక కౌంటీ జైల్లో వైద్యం కాంట్రాక్టు తీసుకున్న కంపెనీకి రెండు సిస్టమ్స్ పెట్టాలి. ఒకటి ఎవరికి ఏ మందు ఎప్పుడిచ్చారో నమోదు చేసేది. రెండోది నర్సుల షిఫ్టులు వేసేది. ఊరూ రాష్ట్రమూ చెప్పను. కంపెనీ పేరు అసలే చెప్పను.

ఇండియాలో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ జైలు వేరు, ప్రిజన్ వేరు. ప్రిజన్ రాష్ట్రానిదో కేంద్రానిదో. శిక్ష పడి, సాధారణంగా ఏడాదికి మించి ఉండాల్సినవాళ్ళు అక్కడుంటారు. జైలు కౌంటీది, అంటే మన జిల్లా సబ్‌జైలు లాంటిది. అరెస్టయినవాళ్ళు, బెయిలుకి డబ్బు లేనివాళ్ళు, చిన్న శిక్షలవాళ్ళు ఉంటారు. దేశం మొత్తం మీద కౌంటీ జైళ్ళలో ఉన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ఇంకా శిక్షే పడలేదు. కేసు నడుస్తోందంతే.

లోపలికి వెళ్ళాలంటే ఫోను కారులో వదిలెయ్యాలి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు రాసుకుంటారు. వస్తువులన్నీ లోపల ఉన్నవి బయటికి కనపడే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవాలి. ఒక ఇనప తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. ఆ రెండిటి మధ్య నిలబడే అర నిమిషం మొదటి వారమంతా నాకు అలవాటు కాలేదు. అక్కడ రోజూ పన్నెండు గంటలు పనిచేసే ఆడవాళ్ళు మాత్రం ఆ అర నిమిషంలో జుట్టు సర్దుకుంటూ, పిల్లల స్కూలు ఫీజుల గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయేవారు.

ఆ జైల్లో దగ్గర దగ్గర ఐదు వందల మంది ఖైదీలు. వాళ్ళకి వైద్యమంటే ఆచరణలో ఒక బండి. సొరుగులున్న, తాళం వేసిన, చక్రాల బండి. దాన్ని తోసుకెళ్ళేది ఎల్.పి.ఎన్. డాక్టరు వారానికి కొన్ని గంటలు వస్తాడు. ఆర్.ఎన్.లు పగలు ఇద్దరు ఉంటారు, ఒకావిడకి సగం రోజు కాగితాలతోనే సరిపోతుంది. బ్యారక్ బ్యారక్‌కీ తిరిగి, ప్రతి మనిషి ముఖమూ రోజుకి రెండుసార్లు చూసేది ఈ బండి మనిషే.

ఆ పని నేను పక్కన నిలబడి చూశాను. ఖైదీ వచ్చి చేతికున్న పట్టీ చూపిస్తాడు. ఆవిడ స్కాన్ చేస్తుంది. మందు చిన్న కప్పులో వేసి ఇస్తుంది. అతను నీళ్ళతో మింగి నోరు తెరుస్తాడు. నాలిక పైకెత్తమంటుంది, బుగ్గలు చూస్తుంది. మింగకుండా దాచుకుని లోపల అమ్ముకునేవాళ్ళుంటారు కాబట్టి ఇదంతా. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుందనుకుంటే రెండు వందల మందికి గంటా నలభై నిమిషాలు. మధ్యలో ఎవరో ఒకరు "ఈ మాత్ర నిన్న తెల్లగా ఉంది, ఇవాళ పచ్చగా ఉందేం?" అని అడుగుతారు. కంపెనీ మారింది, మందు అదే అని చెప్పాలి. అతను నమ్మాలి. ఇంకొకడు ఏమీ అడగడు, రోజూ పలకరించేవాడు ఇవాళ కళ్ళెత్తి చూడడు. అది కూడా ఆవిడే గమనించాలి. అమెరికా కౌంటీ జైళ్ళలో చావులకి ఆత్మహత్యే మొదటి కారణమని కేంద్ర న్యాయశాఖ లెక్కలు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చాయి. నా సాఫ్ట్‌వేర్‌లో "కళ్ళెత్తి చూడలేదు" అన్నదానికి బటన్ లేదు.

పొద్దున్న ఫలహారం అక్కడ నాలుగింటికి. అంటే చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకి మూడున్నరకే ఇన్సులిన్. సూది పడ్డాక ట్రే రావాలి. ఎక్కడో కొట్లాట జరిగి జైలంతా తలుపులు బిగించేస్తే ట్రే రాదు. సూది పడ్డ మనిషి లోపల చెమటలు పట్టి కూర్చుంటాడు. అందుకని సూది వెయ్యబోయే ముందు ఆవిడ వంటగదికి ఫోన్ చేసి ట్రేలు బయల్దేరాయా అని అడుగుతుంది. ఈ అడగడం ఏ మాన్యువల్లోనూ నాకు కనపడలేదు.

ఒంట్లో బాగాలేనివాళ్ళు ఒక కాగితం రాసి పెట్టెలో వెయ్యాలి. ఆ కాగితాన్ని అక్కడ కైట్ అంటారు, గాలిపటం అన్నమాట. "కడుపు నొప్పి" అని ఒకటి, "పన్ను" అని ఒకటి, "దయచేసి నాతో ఎవరైనా మాట్లాడండి" అని ఒకటి. షిఫ్టు చివర సూదులు లెక్కపెట్టాలి, కత్తెరలు లెక్కపెట్టాలి, మత్తు మాత్రలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చెయ్యాలి. ఒక్కటి తగ్గితే ఎవరూ ఇంటికి వెళ్ళరు.

* * *

ఇంత పని ఎల్.పి.ఎన్. చేతిలోనే ఎందుకుంది అని అడిగితే, మన భాషలో చెప్పాలంటే, కుర్చీ లెక్క.

షిఫ్టుల సిస్టమ్ రాసినవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. జైల్లో ఒక కుర్చీ ఇరవైనాలుగు గంటలూ ఏడాది పొడుగునా ఖాళీగా ఉండకూడదంటే 8,760 గంటలు నింపాలి. ఒక ఉద్యోగి వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు. అందులోంచి సెలవులు, జబ్బులు, ట్రైనింగులు తీసేస్తే చేతికొచ్చేవి దాదాపు 1,800. భాగించి చూడండి, దగ్గర దగ్గర ఐదుగురు. ఒక్క కుర్చీకి ఐదుగురు మనుషులు. 2024లో దేశం మొత్తం మీద ఆర్.ఎన్. మధ్యస్థ జీతం 93,600 డాలర్లు, ఎల్.పి.ఎన్.ది 62,340. తేడా 31,260. ఐదుతో హెచ్చిస్తే ఒక్క కుర్చీ మీద ఏడాదికి లక్షా యాభై వేలకి పైనే మిగులుతుంది. తక్కువ ధరకి టెండరు వేసినవాడికే కాంట్రాక్టు వచ్చే చోట ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీరే చెప్పగలరు.

డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఇంకో చిక్కు. 1965లో మెడికెయిడ్ పుట్టినప్పటి నుంచీ, ఖైదీ బయటి ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా చేరితే తప్ప, ఆ పథకం డబ్బు అతనికి వర్తించదు. 2023లో కాలిఫోర్నియాకి, విడుదలకి 90 రోజుల ముందు నుంచి కొన్ని సేవలకి మినహాయింపు ఇచ్చారు. మిగతా ఖర్చంతా కౌంటీదో రాష్ట్రానిదో. ఖైదీల మందుల కోసం పన్ను పెంచుతానని చెప్పి ఎన్నికల్లో గెలిచినవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

అయినా ఇవ్వక తప్పదు. 1973లో టెక్సస్ ప్రిజన్‌లో గ్యాంబుల్ అనే ఖైదీ లారీలోంచి సరుకు దింపుతుంటే మీద పత్తి బేలు పడింది. పత్తి బేలు అంటే ఏమిటో మన గుంటూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నడుం నొప్పికి తనకి సరైన వైద్యం చెయ్యలేదని ఆయన సొంతంగా కాగితం రాసి కోర్టుకి పంపాడు. 1976లో సుప్రీంకోర్టు, ఖైదీ తీవ్రమైన వైద్య అవసరాన్ని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగం ఎనిమిదో సవరణ నిషేధించిన క్రూరశిక్ష కిందికే వస్తుందని చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ తర్‌గుడ్ మార్షల్. విచిత్రమేమిటంటే సూత్రం నిలబడింది గానీ డాక్టర్ల మీద గ్యాంబుల్ పెట్టిన కేసు నిలబడలేదు. ఆయన పేరు మీద మిగతావాళ్ళకి మందులు వస్తున్నాయి.

ఓ సంక్రాంతి పార్టీలో ఇదంతా చెప్తుంటే ఒక మిత్రుడు గారెలో పచ్చడి నంజుకుంటూ, "మనం నెలకి పద్ధెనిమిది వందలు ఇన్సూరెన్సుకి కట్టి మళ్ళీ కోపే కడుతున్నాం. వాళ్ళకి ఫ్రీనా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఫ్రీ కాదు, చాలా చోట్ల వాళ్ళకీ కోపే ఉంది. టెక్సస్ ప్రిజన్లలో 2019 నుంచి ఒకసారి చూపించుకుంటే 13 డాలర్ల 55 సెంట్లు, అక్కడ ఖైదీల్లో ఎక్కువమందికి చేసే పనికి జీతమే లేదు. కాలిఫోర్నియా తన ఐదు డాలర్ల కోపేని 2019లో ఎత్తేసింది. ఇదంతా చెప్పాను. అతను ఒప్పుకోలేదు. "నీకూ నాకూ తలనొప్పి వస్తే కారెక్కి సి.వి.ఎస్.కి వెళ్తాం. తలుపుకి లోపలి వైపు గడియ లేనివాడు ఎక్కడికి వెళ్తాడు?" అన్నాను. దానికి మాత్రం ఏమీ అనలేదు. గారెలు బాగున్నాయన్నాడు.

* * *

కొత్త సిస్టమ్ మొదలైన వారం మేం రాత్రులు కూడా అక్కడే ఉండాలి. పాస్‌వర్డు మర్చిపోతే, స్కానరు మొరాయిస్తే చూడ్డానికి. అలా ఒక శనివారం రాత్రి జైలు క్లినిక్‌లో నేనూ, రాత్రి నర్సూ ఉన్నాం. ఆవిడ ఎల్.పి.ఎన్. వయసు యాభై ఏడు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ముసలివాళ్ళ నర్సింగ్‌హోములో చేసింది. రాత్రి షెడ్యూల్లో ఒక ఆర్.ఎన్. ఉండాలి. ఆ పోస్టు మూణ్ణెల్లుగా ఖాళీ. ఆ కుర్చీలో కూడా ఆవిడే.

శుక్రవారం సాయంత్రం అరెస్టయి వచ్చిన ఒకతను, నలభై పైన ఉంటాయి. లోపలికి తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నలకి "రోజుకి రెండు బీర్లు" అని చెప్పాడు. ఆవిడ ఆ మాట అలాగే రాసి, పక్కన "చేతులు వణుకుతున్నాయి" అని కూడా రాసింది. తాగుడు ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి చచ్చిపోవచ్చు. ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించచ్చు. దీన్ని కొలవడానికి పది అంశాల పట్టిక ఒకటుంది. వణుకు, చెమట, కంగారు ఇలా ఒక్కోదానికి అంకె వేసి కూడాలి. మొత్తం 67. పదింటికి అతని స్కోరు 9. పన్నెండింటికి 15. రెండింటికి 24. నాడి 128. గాల్లోంచి ఏదో ఏరుతున్నాడు.

నియమం ప్రకారం ఆవిడ ఫోన్‌లో అందుబాటులో ఉండాల్సిన ఆర్.ఎన్.కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. డాక్టరు సర్వీసుకి చేసింది. ఇరవై నిమిషాల్లో ఆయన తిరిగి పిలుస్తాడన్నారు. ఆవిడ గోడ గడియారం కేసి చూసి, షిఫ్టు సార్జెంటుకి ఫోన్ చేసి అంబులెన్సు కావాలంది.

సార్జెంటు స్వయంగా వచ్చాడు. చెడ్డవాడు కాదు. అతని లెక్క అతనికుంది. అంబులెన్సు వెంట ఇద్దరు ఆఫీసర్లు వెళ్ళాలి. ఆ రాత్రి జైలు మొత్తానికి ఉన్నది ఐదుగురు. "నర్స్, వాడికేమిటి? కచ్చితంగా చెప్పగలవా?" అన్నాడు.

ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తు. "ఇదేమిటో చెప్పడానికి నాకు లైసెన్సు లేదు. నేను చూసింది చెప్తాను, రాసుకో" అంది. పదింటికి ఇంత, పన్నెండింటికి ఇంత, రెండింటికి ఇంత. నాడి ఇంత. ఫోన్ చేసింది ఇన్ని గంటలకి, ఎత్తనిది ఇన్ని గంటలకి. గొంతు పెంచలేదు. సార్జెంటు రాసుకోవడం సగంలో ఆపేసి రేడియో తీశాడు.

అంబులెన్సు వెళ్ళాక ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుని కేసు ఎక్కించడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద ఒక గడి, "అసెస్ చేసిన ఆర్.ఎన్." అని. కంపెనీవాళ్ళు నేను రాకముందే సంతకాలు పెట్టిన పత్రంలో ఆ గడి నింపకపోతే ముందుకు పోకూడదని రాశారు. పోలేదు. "పగటి ఆర్.ఎన్. పేరు వేసేస్తే వెళ్ళిపోతుంది, మామూలుగా అందరూ అదే చేస్తారు" అని మా టీములో ఒకతను ఫోన్‌లో సలహా ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తీసి నాకేసి చూసింది. "ఆ అమ్మాయి ఇప్పుడు ఇంట్లో నిద్రపోతోంది. లేని మనిషి చూసిందని నేనెందుకు రాస్తాను?" అంది. ఆ రాత్రికి నేను ఆ నిబంధన ఆపించి, గడిలో "ఆర్.ఎన్. లేరు" అని ఎక్కేలా చేశాను. ఆవిడ అదే ఎక్కించి, లేచి ఇన్సులిన్ల పనిలో పడింది. మూడున్నర కావస్తోంది. వంటగదికి ఫోన్ చేసింది.

అతను ఆస్పత్రిలో నాలుగు రోజులు ఐ.సి.యు.లో ఉండి బతికాడు.

* * *

రెండు వారాల తరవాత షిఫ్టుల సిస్టమ్ మీద మీటింగు. బల్లకి ఒకవైపు కంపెనీ కాంట్రాక్టు మేనేజరు, ఇంకోవైపు కౌంటీ తరఫున కాంట్రాక్టు చూసే ఆవిడ. మూల సీట్లో నేను. ఎవరికీ కాకుండా వాడకందార్ల తరఫున మన రాత్రి నర్సు.

కాంట్రాక్టులో ఒక షరతు ఉంది. ఏ పోస్టయినా నిండకపోతే ఆ గంటల డబ్బు కౌంటీ కోసుకుంటుంది. కంపెనీ కోరింది ఏమిటంటే, సిస్టమ్‌లో "నర్సు" అని ఒకే రకం ఉండాలి. ఆ గడిలో ఏ నర్సు కూర్చున్నా ఆకుపచ్చ. ఎవరూ లేకపోతేనే ఎరుపు. నేను రెండు రకాలుగా ఉండాలన్నాను. ఆర్.ఎన్. గడిలో ఎల్.పి.ఎన్. ఉంటే పసుపు చూపించాలని.

మేనేజరు తెలివైనవాడు. "మా ఎల్.పి.ఎన్.లు ఎవరికీ తీసిపోరు. వాళ్ళని తక్కువ చేసే రంగు ఎందుకు? మొన్న రాత్రి ఒక ప్రాణం కాపాడింది ఎవరు?" అని ఆవిడకేసి చెయ్యి చూపించాడు. గదిలో అందరూ ఆవిడకేసి మెచ్చుకోలుగా చూశారు. నా దగ్గర జవాబు లేదు. తీసిపోతారని నేను ఎలా అనగలను?

ఆవిడే అంది. "పొగిడినందుకు థాంక్స్. ఎల్.పి.ఎన్. ఉన్నచోట ఎల్.పి.ఎన్. అనే రాయండి. నన్ను తక్కువ చేసి రాస్తే నాకేం కాదు, ముప్ఫై ఏళ్ళుగా అలవాటే. నన్ను ఎక్కువ చేసి రాస్తే ఏదో ఒక రాత్రి మనిషి చచ్చిపోతాడు. అప్పుడు ఆర్.ఎన్. చెయ్యాల్సింది నువ్వెందుకు చెయ్యలేదని నా లైసెన్సు తీసేస్తారు. ఆకుపచ్చగా ఉన్న గడిలో మనిషిని ఎవరూ వెతకరు కదా."

గౌరవం అనే మాటని అంతకు ముందు నేనలా చూడలేదు. ఆవిణ్ణి ఆర్.ఎన్.తో సమానంగా చూపించడం గౌరవంలా కనపడుతుంది. జీతం మాత్రం సమానం కాదు, అధికారం సమానం కాదు, రాత్రి ఫోనెత్తే మనిషి లేడు. సమానమైంది బాధ్యత ఒక్కటే. అలాగని ఎల్.పి.ఎన్.లు వద్దు, అందరూ ఆర్.ఎన్.లే కావాలనేవాళ్ళతోనూ నేను ఒప్పుకోను. అలా అయితే రేపు పొద్దున్న ఆ బండి కదలదు. మనిషి నడకని బట్టి, మాటని బట్టి తేడా పట్టే కళ్ళు రోజుకి రెండుసార్లు ప్రతి తలుపు దగ్గరికీ వెళ్తున్నాయంటే వీళ్ళ వల్లనే. ఆ కళ్ళు చూసినదాన్ని అందుకునే ఇంకో మనిషి ఉండాలి, అంతే. ఆ రెండో మనిషి ఉన్నాడో లేడో షెడ్యూలు చూసినవాడికి తెలియాలి.

పసుపు రంగు వచ్చింది. కౌంటీ ఆవిడ అప్పటికప్పుడు పట్టు పట్టింది. మొదటి మూణ్ణెల్ల రిపోర్టులో రాత్రుల వరుస బంతిపూల దండలా ఉంది. దాని మీద ఇంకో మూణ్ణెల్లు వాదన జరిగింది. చివరికి వారానికి నాలుగు రాత్రులు ఆర్.ఎన్., మిగతా మూడు రాత్రులు పదిహేను నిమిషాల్లో ఫోనెత్తి తీరాల్సిన ఆర్.ఎన్. అని కాంట్రాక్టు సవరించారు. నాలుగు రాత్రుల పోస్టుకి మనిషి దొరకడానికి ఎంత కాలం పట్టిందో నేను చూడలేదు. నా కాంట్రాక్టు అప్పటికి అయిపోయింది. వచ్చేసే ముందు, ఆ క్లినిక్‌లో ఇరవై ఆరేళ్ళ ఎల్.పి.ఎన్. అమ్మాయి ఒకతి ఆర్.ఎన్. అవడానికి బ్రిడ్జి కోర్సు పుస్తకాలు బండి కింది సొరుగులో పెట్టుకుని చదవడం చూశాను. "మీరెందుకు చదవరు?" అని రాత్రి నర్సుని అడిగితే, "ఈ వయసులో నాకు రోగాలు కొత్తవి చెప్పేవాళ్ళెవరు?" అని నవ్వింది.

* * *

మా అమ్మ ఎ.ఎన్.ఎం. దివిసీమలో ఒక సబ్‌సెంటరులో ఇరవై మూడేళ్ళు చేసింది. ఐదు వేల జనాభాకి ఒక సబ్‌సెంటరు అని ప్రభుత్వం లెక్క. అమ్మకి నాలుగు ఊళ్ళు. పదో తరగతి తరవాత చేసిన చిన్న శిక్షణ, ఒక పెట్టె, ఒక గొడుగు. పి.హెచ్.సి.లో స్టాఫ్ నర్సులు అమ్మని "ఏమ్మా" అని పిలిచేవారు. ఊళ్ళో మాత్రం అమ్మ నర్సమ్మగారు. చిన్నప్పుడు నాకు ఆ రెండు పిలుపులకీ మధ్య ఏముందో అర్థమయ్యేది కాదు. కాళ్ళు వాచి, తలనొప్పి అంటున్న గర్భిణిని చూస్తే అమ్మ రోగం పేరు చెప్పేది కాదు. చీటీ మీద బి.పి. రాసి, వాపు అని రాసి, ఎవరి ట్రాక్టరు ఖాళీగా ఉందో కనుక్కునేది. డాక్టరుగారు లేకపోతే అవనిగడ్డ దాకా తనూ ఎక్కి వెళ్ళేది.

పోయిన ఏడాది అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే ఈ జైలు కథంతా చెప్పాను. కుర్చీ లెక్కా, రంగుల గొడవా ఓపిగ్గా విన్నది. ఖైదీ ఏం నేరం చేశాడని అడుగుతుందనుకున్నాను, అడగలేదు.

"ఆ ఫోనెత్తని ఆవిడ తరవాత ఏమంది?" అని అడిగింది.

"ఫోన్ సైలెంట్‌లో ఉందంది. ఆవిడ అప్పటికి వరసగా పదహారు గంటలు పనిచేసి ఇంటికెళ్ళి పడుకుందిట."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఈనెలన్నీ ఒక పక్కకి తోసింది.

"అయితే ఆవిడకీ ఎవరూ లేరన్నమాట," అంది. "మాకు కనీసం ట్రాక్టరతను లేచేవాడురా."